మాజీ సైనికుల గురించి కూడా ఎన్నారై పేజీలో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మేం కాలిఫోర్నియాలో ఉంటాం, మీ ఎన్నారై పేజీ రోజూ చదువుతాను. హెచ్1బి ఫీజులు, గ్రీన్ కార్డ్ క్యూ, ఫలానా కంపెనీకి మనోడు సీఈవో అయ్యాడు... ఇవి రాయొద్దని కాదు, మాకూ కావాలి. కానీ చదివీ చదివీ వలస వచ్చినోడంటే వీసా, ప్యాకేజీ తప్ప ఇంకేం లేదేమో అనిపించేలా ఉంది.

లాంగ్ బీచ్‌లో కాల్ స్టేట్ యూనివర్సిటీ పక్కనే మాజీ సైనికుల ఆస్పత్రి ఒకటుంది. ఆ యూనివర్సిటీలో చదివే మన పిల్లలు దాని ముందు నుంచే తిరుగుతుంటారు. 2017 నుంచి దాని పేరు టిబోర్ రూబిన్ ఆస్పత్రి. ఆయనెవరో మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

1929లో హంగేరీలో ఒక యూదుల ఇంట్లో పుట్టాడు. చిన్న పిల్లాడిగా ఉండగానే నాజీలు మౌట్‌హౌజెన్ క్యాంపులో పడేస్తే 1945 మేలో అమెరికా సైనికులొచ్చి విడిపించారు, అమ్మ, నాన్న, చెల్లెలు మాత్రం మిగల్లేదు. తనని కాపాడిన ఆ సైన్యంలోనే చేరతానని పట్టుబట్టి 1948లో అమెరికా వచ్చాడు, ఇంగ్లీష్ రాక టెస్ట్ ఫెయిలయ్యి మళ్ళీ రాసి 1950లో చేరాడు, పౌరసత్వం లేకుండానే కొరియా యుద్ధానికి పోయాడు. తన దళం వెనక్కి తగ్గడానికి టైమ్ కావాలని ఒక గుట్టని 24 గంటలు ఒక్కడే కాపు కాశాడు. 1950 అక్టోబర్ చివర్లో, ఉత్తర కొరియా తరఫున యుద్ధంలోకి దిగిన చైనా వాళ్ళకి దొరికిపోయి రెండున్నరేళ్ళు ఖైదీగా ఉన్నాడు. అప్పటికి హంగేరీ కూడా కమ్యూనిస్టు దేశమే, అక్కడికి పంపించేస్తాం అని వాళ్ళు ఆఫర్ ఇచ్చినా పోలేదు.

అసలు కథ ఆ ఖైదీల క్యాంపులోనే ఉంది. రాత్రిళ్ళు బయటికి జారుకుని వాళ్ళ గోదాముల్లో, తోటల్లో తిండి దొంగిలించి తెచ్చి తోటివాళ్ళకి పంచేవాడు, దొరికితే ప్రాణం పోయేదే. లేవలేనివాళ్ళని మోసుకుని దొడ్డికి తీసుకెళ్ళేవాడు, స్నానం చేయించేవాడు, ఒకడి పుండు కుళ్ళిపోతుంటే మరుగుదొడ్లో పురుగులు తెచ్చి చచ్చిన కండని వాటితో తినిపించాడని తోటి ఖైదీలే చెప్పారు. 40 మంది దాకా ఈయన వల్లే బతికారని తర్వాత ఈయనకిచ్చిన పతకం ప్రశంసాపత్రంలోనే ఉంది.

ఆ పతకం, అమెరికా సైన్యంలో అన్నిటికన్నా పెద్దదైన మెడల్ ఆఫ్ ఆనర్, ఎప్పుడిచ్చారో తెలుసా, 2005లో! యూదుడని ఒక సార్జెంట్ సిఫార్సు కాగితాలు కావాలనే పంపలేదని తోటి సైనికులు చెప్పారు. 55 ఏళ్ళు పట్టింది సార్. అన్నాళ్ళూ ఆయన అలిగి కూర్చోలేదు, లాంగ్ బీచ్‌లో అన్న షాపులో పనిచేసుకుంటూ, ఇప్పుడు తన పేరున్న అదే ఆస్పత్రిలో 20 వేల గంటలకు పైగా వాలంటీర్‌గా చేశాడు. రోజుకి ఎనిమిది గంటలు, శని ఆదివారాలు సెలవు అనుకున్నా దాదాపు పదేళ్ళ ఉద్యోగం, పైసా జీతం లేకుండా. 2015లో పోయారు.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. 2013 నుంచి 2018 మధ్య పౌరసత్వం లేని మాజీ సైనికులు దాదాపు 250 మంది మీద దేశం నుంచి పంపేసే కేసులు పెట్టారని, అందులో 92 మందిని పంపేశారని ఇక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2019లో చెప్పింది. సైన్యంలో చేరితే పౌరసత్వం దానంతటదే వస్తుందనుకుని అప్లై చెయ్యనివాళ్ళు చాలామంది, తర్వాత ఏదో కేసులో ఇరుక్కుంటే ఇక అంతే. తప్పు చేస్తే శిక్ష వెయ్యండి, కాదనను, జైలు శిక్ష అయిపోయాక కూడా యూనిఫాం వేసుకున్నోడిని బోర్డర్ అవతల వదిలేసి రావడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు. పౌరులు కానివాళ్ళని కూడా ప్రత్యేక నైపుణ్యాలుంటే సైన్యంలో చేర్చుకునే మావ్నీ స్కీమ్ ఒకటి 2009 నుంచి 2016 దాకా నడిచింది, అందులో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు కూడా చేరారు, మన దేశం పిల్లలూ ఉన్నారు, కాబట్టి ఇది మనకి పట్టని గోలేం కాదు.

నవంబర్ 11న ఇక్కడ వెటరన్స్ డే, అంటే మాజీ సైనికుల రోజు. ఆ రోజు జెండా ఫొటో ఒకటేసి వదిలెయ్యకుండా రూబిన్ మీద ఒక ఫుల్ పేజీ, పక్కనే ఈ మాజీ సైనికుల కేసుల మీద ఒక వార్త వెయ్యగలరా? పౌరసత్వానికి అప్లికేషన్ ఎలా పెట్టుకోవాలో కూడా తెలుగులో రాస్తే ఇక్కడ సైన్యంలో ఉన్న మన పిల్లలకి పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, లాంగ్ బీచ్, కాలిఫోర్నియా