లోకల్ కమిటీ చిరునామా గోడ మీద రాయించండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

స్త్రీవాదానికి కాలం చెల్లిందని సభల్లో తరచూ వింటున్నాం. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల చట్టం బట్టల కొట్టు సేల్స్‌గర్ల్ దాకా చేరాక ఆ మాట అంటే వింటాం.

పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, యజమానే వేధించిన చోట ఆడవాళ్లకు దిక్కు జిల్లాలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే లోకల్ కమిటీయే. ఫిర్యాదులు తీసుకోవడానికి మండలానికో నోడల్ అధికారి ఉండాలి, అందిన ఫిర్యాదును 7 రోజుల్లో కమిటీకి పంపాలి. ఆ అధికారి ఎవరో తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగేసరికి ఫిర్యాదు చేయడానికున్న 3 నెలల గడువు దాటిపోతుంది. తగిన కారణముంటే మరో 3 నెలలు పొడిగించవచ్చని, రాయలేని మనిషికి ఫిర్యాదు రాయడంలో కమిటీయే సాయపడాలని ఆమెకు చెప్పేదెవరు?

నోడల్ అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి ఎమ్మార్వో ఆఫీసు గోడ మీద, బస్టాండులో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇట్లు,
మహిళా కార్మికుల పక్షాన పనిచేసేవాళ్లం