ర్యాంకు లేని పిల్లలకు విలువ లేదా?

సంపాదకులకు,

ఇంటర్ విద్యార్థుల మానసిక ఒత్తిడిపై గత వారం మీరు రాసిన సంపాదకీయం చదివాను. తల్లిదండ్రులు పిల్లలతో మనసు విప్పి మాట్లాడాలన్న మీ మాట సబబే. అయితే పిల్లవాడు తనను తాను తక్కువగా చూసుకోవడం ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడన్న ప్రశ్న మీరు వేయలేదు. మన ఇళ్లూ, పెళ్లి పందిళ్లూ, కళాశాలలూ కలిసే అది నేర్పుతున్నాయి.

మా బంధువుల అమ్మాయి ఇష్టపడి సీఈసీలో చేరింది. ఏ శుభకార్యానికి వెళ్లినా పెద్దవాళ్లు ఆ పిల్ల ఎదుటే "అయ్యో, ఎంపీసీలో చేర్చలేదా?" అని వాళ్లమ్మను పరామర్శిస్తారు. నగరంలోని ఒక కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఉన్న ఆ పిల్ల అన్నయ్య పరిస్థితి మరీ దారుణం. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గాయని సెక్షన్‌తో పాటు గది కూడా మార్చారు. తోటివాళ్లందరూ చూస్తుండగా పెట్టె, పరుపు మోసుకుని కింది అంతస్తుకు దిగిన ఆ అబ్బాయి, ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేయడమే మానేశాడు.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలనీ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలనీ అందులో స్పష్టంగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఒక్క కళాశాలకైనా అధికారులు వెళ్లి, ఇవి అమలవుతున్నాయో లేదో చూశారా? 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 మార్కులు రావలసిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అంత జరిగాక కూడా, మార్కుల మెమో మనిషి విలువను చెప్పదని పిల్లలకు నచ్చజెప్పే ప్రయత్నం ఏ స్థాయిలోనూ కనిపించడం లేదు.

మీ పత్రికకూ ఇందులో బాధ్యత ఉంది. ఆ సంపాదకీయం వచ్చిన రోజే మొదటి పేజీ నిండా ర్యాంకర్ల ఫొటోలతో ప్రకటన వేశారు. ఆ పేజీ చూసే లక్షల మంది పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది ఫొటో అందులో ఉండదు. ఇలాంటి ప్రకటనలు ఇకపై తీసుకోబోమని దయచేసి ప్రకటించండి. ఆదాయం వదులుకోవడం కష్టమైతే, కనీసం ఆ పేజీలోనే, మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి సాయపడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416ను పెద్ద అక్షరాలతో అచ్చువేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం, హైదరాబాద్