ఆ ముగ్గురి పేర్లూ రిజిస్టరులో రాయి

చి. సౌ. శైలజకు,

ఆశీస్సులు. నువ్వు అడిగినది ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. కుట్టు యూనిట్‌లో పనివాళ్లు పన్నెండు మంది అయ్యారనీ, పదిమంది ఉంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా చందా, కట్టాలి కాబట్టి ముగ్గురిని రిజిస్టరులో చూపకుండా జీతం చేతికి ఇచ్చేయమని ఆడిటరు చెప్పాడనీ అన్నావు. వద్దు తల్లీ.

ముందు లెక్క చూడు. 14,000 రూపాయల జీతం మీద యజమాని వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు. పనివారి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. పన్నెండు మందికీ నీకు పడేది నెలకు 5,460. దానికి వాళ్ల ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. జబ్బుచేసి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అందుతుంది. నీ దగ్గర ఉన్నవాళ్లంతా ఆడపిల్లలు. ప్రసూతి సెలవు ఇస్తే మునిగిపోతామని భయపడే యజమానులకు తెలియనిది ఒకటుంది: చందా నిబంధన ప్రకారం కట్టి ఉంటే 26 వారాల వేతనం ఈఎస్ఐ సంస్థే చెల్లిస్తుంది, యజమాని కాదు.

నేను గుమాస్తాగా చేరిన మొదటి మిల్లులో ఒకతని చెయ్యి బెల్టులో పడి నలిగిపోయింది. అతని పేరు పుస్తకంలో లేదు. యజమాని ఆస్పత్రి బిల్లు కట్టి, అంతటితో ఋణం తీరిందనుకున్నాడు. పేరు ఉండి ఉంటే కోలుకునేవరకు వేతనంలో 90 శాతం వచ్చేది, శాశ్వత వైకల్యానికి జీవితాంతం భృతి వచ్చేది. తర్వాత ఎన్ని జీతాల పుస్తకాలు రాసినా ఆ కుటుంబం నా కళ్ల ముందే ఉంది.

ఇరవై మంది అయితే పీఎఫ్, అంటే భవిష్య నిధి, కూడా వస్తుంది. జీతంలో కోసిన సొమ్ము, దానితోపాటు నీ వాటా, మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కోత పెట్టిన క్షణం నుంచి అది నీ డబ్బు కాదు. దాంతో సరుకు కొని, పై నెల చూసుకుందామనే యజమానులను చాలామందిని చూశాను. చట్టం దాన్ని నమ్మకద్రోహం కింద నేరంగా చూస్తుంది. నా దృష్టిలోనూ అది దొంగతనమే.

ఇక నువ్వు పని నేర్పిన అమ్మాయి చెప్పకుండా మానేసిందన్న బాధ. అది న్యాయమైన బాధే. ఒప్పుకున్న ఆర్డరు మధ్యలో వదిలిపోతే మిగతా పదకొండు మంది కూలీ దెబ్బతింటుంది. వేళకు రావాలని, పాడైన పీసు దాచకుండా చూపాలని, మానాలంటే నెల ముందు చెప్పాలని గట్టిగా అడుగు. అడిగే హక్కు నీకుంది. కానీ ఆమెకు నియామక పత్రం ఇచ్చావా? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం అది తప్పనిసరి. ఆమె నెల ముందు చెప్పాలని రాస్తే, తీసేసేటప్పుడు నువ్వూ నెల ముందు చెప్పాలని అదే కాగితంలో రాయాలి. ఆమె పనిచేసిన రోజుల జీతం మాత్రం ఆపకు. మానేసినవారికైనా రెండు పనిదినాల్లో చెల్లించాలి.

పీసు రేటు సంగతి కూడా ఆలోచించు. గుడ్డ రాక మిషన్లు ఆగిన రోజు వాళ్లు పొద్దుటినుంచి కూర్చుని వట్టిచేతులతో ఇంటికి పోతున్నారు. సరుకు తెప్పించడం నీ పని, వాళ్లది కాదు. అలాంటి రోజుకు కనీసం సగం కూలీ ఇవ్వాలని నా అభిప్రాయం.

ఆ ముగ్గురి ఆధార్, బ్యాంకు పాసు పుస్తకాల నకళ్లు తీసుకుని ఉంచు. ఆదివారం వస్తున్నాను, నమోదు పని ఇద్దరం కూర్చుని చేద్దాం. నియామక పత్రం నమూనా తెలుగులో రాసి తెస్తాను, వాళ్లు చదువుకుని సంతకం పెట్టేలా.

నాన్న