టీసీ-07 సీసాలు కొన్నవారికి: అంకె తప్పింది, తప్పు మాది

మా దగ్గర సోడియం టారోకోలేట్ 10 మిల్లీగ్రాముల సీసాలు కొన్నవారికి ఈ ఉత్తరం. ఇది పైత్యరసంలో ఉండే టారోకోలిక్ యాసిడ్ అనే బైల్ యాసిడ్ తాలూకు సోడియం లవణం, శాంపిల్‌లో ఆ యాసిడ్ ఎంతుందో పోల్చి కొలవడానికి ల్యాబులు స్టాండర్డ్‌గా వాడే పొడి. లేబుల్ మీద లాట్ నంబరు టీసీ-07 అని ఉంటే దయచేసి ఆ పొడిని ఇక తూచకండి. సర్టిఫికెట్‌లో శుద్ధత 98.2 శాతం అని రాశాం. అసలు సరుకు అందులో 92.7 శాతమే ఉంది.

ఇది మేము కనిపెట్టినది కాదు. సెప్టెంబరు మొదట్లో హైదరాబాదు నుంచి ఒక ల్యాబ్ మేడమ్ ఫోను చేశారు. "మీ కొత్త సీసా వాడటం మొదలుపెట్టినప్పటి నుంచి మా పాత కంట్రోల్ శాంపిల్ ఆరు శాతం ఎక్కువ చూపిస్తోందండీ. కాలమ్ మార్చాను, ద్రావణాలు మార్చాను, అదే తేడా" అన్నారు. కంట్రోల్ శాంపిల్ అంటే విలువ ముందే తెలిసిన నమూనా. నిజం చెప్పాలంటే మొదట ఆమె తూకాన్నే అనుమానించాను. "ఒకసారి త్రాసు సరిచూసుకోండి" అని సలహా కూడా ఇచ్చాను. ఆ మాటకు ఆమెకు విడిగా క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం బెంగళూరు పీణ్యలోని మా షెడ్డులో మిగిలిన సీసా ఒకటి తెరిచాను. పొడి జారలేదు. వానాకాలంలో చెమ్మగిల్లిన ఉప్పులా స్పాచులాకు అంటుకుని ముద్దగా వచ్చింది. పదార్థంలో నీరెంతుందో కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్ష చేస్తే నీరు 5.6 శాతం. మరో నాలుగు సీసాల్లోనూ దాదాపు అంతే.

సోడియం టారోకోలేట్ గాలిలోని తేమను పీల్చుకునే పదార్థం. జులైలో సీసాలు నింపిన రోజు బెంగళూరులో పొద్దుటి నుంచీ ముసురు. కరెంటు పోయి తేమ లాగే యంత్రం గంటన్నర ఆగింది. అది చాలదన్నట్టు, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీసిన పెద్ద సీసాను గది వేడికి రానివ్వకుండానే మూత తీశాం. నింపిన కుర్రాడి తప్పేమీ లేదు, ఆర్డర్లు ఆగిపోయాయని తొందరపెట్టింది నేనే. మా అమ్మ ఉప్పు జాడీలో నాలుగు బియ్యపు గింజలు వేసి ఉంచేది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నాకు ఆపాటి జాగ్రత్త లేకపోయింది.

98.2 అబద్ధం కాదు గాని అది సగం లెక్క. పదార్థాలను విడదీసి గీసే గ్రాఫు క్రొమటోగ్రామ్‌లో ప్రధానమైన పీక్‌ను తక్కిన మలినాల పీక్‌లతో పోల్చితే వచ్చే అంకె అది. నీరు ఆ కాగితం మీద కనిపించదు. పెద్ద సీసా వచ్చినప్పుడు నీరు ఒక శాతం లోపే ఉందని చూసి, చిన్న సీసాలు నింపాక మళ్లీ కొలవలేదు. కొలిచి ఉంటే 98.2ను 0.944తో గుణించి 92.7 అని రాసేవాళ్లం.

స్టాండర్డ్‌లో సరుకు తగ్గితే శాంపిల్‌లో ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి, సీసా తెరిచిన రోజే ద్రావణం చేసుకున్నవారు టారోకోలిక్ యాసిడ్ ఫలితాలను 0.944తో గుణించండి. తెరిచి కొన్నాళ్లు ఉంచి తూచినవారికి ఈ గుణకం పనికిరాదు, ఆ పొడి ఇంకెంత నీరు తాగిందో చెప్పలేను. ఇంకొకటి. టారోకోలిక్ యాసిడ్ అణుభారం 515.7, దాని సోడియం లవణానిది 537.7. లవణాన్ని తూచి దాన్నే యాసిడ్ బరువుగా రాసుకుని ఉంటే 0.959తో కూడా గుణించాలి, రెండు గుణకాలూ కలిస్తే 0.905. మోలారిటీని 537.7తోనే కట్టినవారికి ఈ రెండోది అక్కర్లేదు. ఈ వాక్యం సర్టిఫికెట్‌లోనే ఉండవలసింది.

"డ్యుటీరియం ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ వేస్తున్నాం కదా, అది సరిచేయదా?" అని ఇద్దరు అడిగారు. ఇంటర్నల్ స్టాండర్డ్ అంటే ప్రతి శాంపిల్‌లోనూ తెలిసిన కొలతలో ముందే కలిపే గుర్తు పదార్థం. సరిచేయదు. శాంపిల్ శుద్ధి చేసేటప్పుడు పోయినదాన్ని, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణగిపోయిన సంకేతాన్ని అది సరిదిద్దుతుంది. త్రాసు దగ్గరే తగ్గిపోయినదాని సంగతి దానికి తెలియదు.

గర్భిణుల్లో పైత్యరసం ప్రవాహం మందగించే జబ్బు మీద పనిచేస్తున్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ మొత్తం బైల్ యాసిడ్లు లీటరుకు 40 మైక్రోమోళ్లు దాటాయా, 100 దాటాయా అన్నదాన్ని బట్టి తీవ్రత చూస్తారు. మా సీసాలు పరిశోధనకే గాని రోగ నిర్ధారణకు కావని లేబుల్ మీద ఉంది. మొత్తంలో టారోకోలిక్ యాసిడ్ ఒక పాలు మాత్రమే కాబట్టి మొత్తం మీద తేడా ఆరు శాతం ఉండదు. అయినా ఆ హద్దులకు ఆనుకుని ఉన్న శాంపిళ్లను మళ్లీ లెక్కించండి.

మా ఆవిడ కెమిస్ట్రీ టీచరు. బైల్ యాసిడ్ల మీద పనికి 1927 నోబెల్ అందుకున్న హైన్రిఖ్ వీలాండ్ చెప్పిన నిర్మాణమే తప్పని తేలి, 1932లో దిద్దుకోవలసి వచ్చిందని చెప్పి నన్ను ఓదార్చింది. ఆయన ఎవరికీ సీసాలు అమ్ముకోలేదు కదా అన్నాను.

టీసీ-07 కొన్న అందరికీ కొత్త సీసా ఉచితం. పాతది తిరిగి పంపనక్కర్లేదు, లేబుల్ ఫోటో పంపితే చాలు. కొత్త లాట్‌ను పొడి నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్స్‌లో నింపుతున్నాం. మొదటి, నడిమి, చివరి సీసాల్లో నీరు కొలిచి, ఆ మూడు అంకెలూ సర్టిఫికెట్‌లో వేస్తాం. అందరికీ చేరడానికి మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత కొనేవారికి సీసా ధర 200 రూపాయలు పెరుగుతుంది, నైట్రోజన్ ఖర్చు నేను మోయలేను. ప్రామాణిక పదార్థాలు తయారుచేసేవారికి ఇచ్చే ఐఎస్ఓ 17034 గుర్తింపు మాకు లేదు. అది తప్పనిసరి అయినవారు వేరేచోట కొంటే ఏమీ అనుకోను.

ఆ మేడమ్‌కు మొదటి సీసా శుక్రవారమే పంపాను. కంట్రోల్ శాంపిల్ సోమవారం పెడతామన్నారు.