ట్రినిడాడ్‌లో సముద్రతీరం కాకుండా చూడవలసినవి

సభ్యులందరికీ నమస్కారం. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో బీచ్‌లకు కేటాయించని రోజున ఏమేం చూడాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం తెలియజేస్తున్నాను.

ఉదయం ఎండ ముదరకముందే నైరుతి దిక్కున ఉన్న లా బ్రే తారు సరస్సుకు వెళ్దాం. సుమారు 100 ఎకరాల ఈ సహజ తారు మీద మనిషి నడిచి వెళ్లవచ్చు గానీ, కొన్నిచోట్ల మడమ మెల్లగా దిగబడుతుంది కాబట్టి గైడ్‌ను తప్పక పెట్టుకోవాలి. 1595లో ఆంగ్ల నావికుడు వాల్టర్ రాలీ తన ఓడల పగుళ్లు పూడ్చుకున్నది ఈ తారుతోనే.

తిరుగుదారిలో వాటర్‌లూ ఊరి సముద్రాలయాన్ని వదులుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. చెరకుతోటల కూలీగా బతికిన సివ్‌దాస్ సాధు, చక్కెర కంపెనీ నేల మీద తాను కట్టిన గుడిని కూల్చివేస్తే, ఎవరి సొంతమూ కాని సముద్రంలోకి సైకిల్ మీద రాళ్లు మోసి, ఏళ్ల తరబడి ఒంటరిగా దారి పోసి మళ్లీ కట్టాడు. 1845 నుంచి భారతదేశం నుంచి కూలీలుగా ఓడల్లో అక్కడికి చేరిన మనవాళ్ల పట్టుదల అంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదని నా నమ్మకం. దగ్గరలోనే కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుని విగ్రహం ఉంది. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామీజీ ఆశ్రమానికి చెందినది కనుక మనలో చాలామందికి పరిచయమే.

సాయంత్రం నాలుగు గంటలకల్లా కరోనీ మడ అడవుల పడవరేవుకు చేరాలి, ఎందుకంటే ఎర్ర కంకణ పక్షుల (స్కార్లెట్ ఐబిస్) గుంపులు గూళ్లకు మళ్లేది సూర్యాస్తమయ వేళకే. దోమల మందు, బైనాక్యులర్ వెంట ఉంచుకోండి. సమ్మతమైనవారు ఇక్కడే తెలియజేస్తే వాహనం మాట్లాడతాను.