సరిపడని క్రాస్‌బో అమ్మి, లింబ్ చీలాక వారంటీ నిరాకరించడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: జింకల వేట కోసం మీ సలహాపై కొన్న క్రాస్‌బో, మీరే సూచించిన బాణాల వల్ల లింబ్ చీలిపోవడం, వారంటీ తిరస్కరణ గురించి.

ఆర్యా,

మీ కంపెనీ పేరుతో వచ్చే కాంపౌండ్ క్రాస్‌బోను (చక్రాలు బిగించిన, ట్రిగ్గర్ నొక్కి బాణం వేసే విల్లును) ఆగస్టులో మీ వెబ్‌సైట్‌లో కొన్నాను. దాని పేజీలోనే కింద "దీనితో కలిపి కొనండి" అని చూపించిన కార్బన్ బాణాలు కూడా అదే ఆర్డర్‌లో తీసుకున్నాను. ఆ బాణాల్లో ఒకటి వేస్తుండగా వింటినారి నాక్ (బాణం వెనక చివర నారి ఆనే భాగం) మీదుగా జారి, కుడివైపు లింబ్ (వంగి బాణానికి శక్తినిచ్చే విల్లు చేయి) నిలువునా చీలిపోయింది. "మేం ఆమోదించని బాణం వాడారు, కాబట్టి వారంటీ వర్తించదు" అని రెండు లైన్ల మెయిల్ పంపి మీ వారంటీ విభాగం చేతులు దులుపుకుంది. ఆ బాణాన్ని నాకు అమ్మింది మీరే. ఒకే బిల్లులో పైన విల్లు, కింద బాణాలు ఉన్నాయి. ఆ బిల్లు కాపీ జత చేశాను.

చాట్‌లో నాకు సలహా ఇచ్చిన వ్యక్తి మీ హైదరాబాద్ సెంటర్ నుంచి మాట్లాడారు. నేను తెలుగులో రాస్తే తెలుగులోనే జవాబిచ్చారు. ఆ సంభాషణ మొత్తం తెలుగులో ఉంది కాబట్టి ఈ ఉత్తరం కూడా తెలుగులోనే రాస్తున్నాను. దీని ఇంగ్లిష్ ప్రతి కూడా పంపుతున్నాను.

కొనే ముందు నేను ఏం అడిగానో మీ చాట్ రికార్డులో చూడండి. మేం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటాం. లికింగ్ కౌంటీలో ఒక స్నేహితుల పొలంలో, వాళ్ల అనుమతితో, వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్తాను. నాకు కుడి భుజానికి ఆపరేషన్ అయింది. మామూలు విల్లు లాగి పట్టుకుని ఉండలేను కాబట్టే క్రాస్‌బో వైపు వచ్చాను. ఇవన్నీ చెప్పి, మూడు విషయాలు స్పష్టంగా రాశాను: ఎక్కుపెట్టడం తేలికగా ఉండాలి, నిచ్చెన లాంటి ట్రీ స్టాండ్‌లో (చెట్టుకు ఆనించిన వేట మంచెలో) ఇరుకుగా కూర్చుంటాను కాబట్టి విల్లు వెడల్పు, బరువు తక్కువగా ఉండాలి, 30 గజాలకు మించి దూరం వెయ్యను. దానికి వచ్చిన జవాబు: "మేడమ్, అయితే మా టాప్ మోడల్ తీసుకోండి, సెకనుకు 470 అడుగులు. జింకకు తప్పించుకునే టైమే ఉండదు."

ఈ ఒక్క వాక్యం మీదే నాకు చాలా అభ్యంతరం ఉంది. అది తప్పు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 1,100 అడుగుల వేగంతో పోతుంది. అంటే మీరు అమ్మే ఏ క్రాస్‌బో బాణమూ శబ్దం కంటే ముందు జింకను చేరదు. విల్లు చప్పుడు ముందు వినిపిస్తుంది, బెదిరిన జింక దూకడానికి సిద్ధమవుతూ ఒళ్లు కిందికి దించుతుంది, బాణం ఆ తర్వాత వస్తుంది. 30 గజాలంటే 90 అడుగులు. సెకనుకు 350 అడుగుల బాణానికి అది దాటడానికి పావు సెకను పడుతుంది. 470 అడుగుల బాణానికి ఐదో వంతు కంటే కాస్త తక్కువ. తేడా సెకనులో వందో వంతులు ఏడు కూడా లేవు. ఆ కాస్త తేడా కోసం నా భుజం భరించలేని బిగువున్న విల్లును నాకు ఇచ్చారు. జింక నిశ్చింతగా ఉన్నప్పుడు, పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ఊపిరితిత్తులు, గుండె ఉన్న చోటు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు మాత్రమే వెయ్యడం, చప్పుడు తక్కువ చేసే విల్లు ఎంచుకోవడం, వీటితోనే జింకకు బాధ తగ్గుతుంది. ఈ మాట మీ పేజీలో ఎక్కడా లేదు. వేగం అంకె మాత్రం ఫొటో కంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

పైగా ఆ అంకె కూడా నాకు అందిన సరుకుది కాదు. 470 అనేది 370 గ్రెయిన్ల (బాణాల బరువు చెప్పే చిన్న కొలత) తేలికపాటి బాణంతో కొలిచినదని మాన్యువల్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. పెట్టెలో మీరు పెట్టిన బాణాలు, ముందు 100 గ్రెయిన్ల ములికి బిగించాక, 425 గ్రెయిన్లు తూగాయి. ఊళ్లోని ఆర్చరీ షాపులో వేగం కొలిచే యంత్రం ముందు వేసి చూస్తే 440 దగ్గర ఆగింది. నాకు 440 కూడా ఎక్కువే, వేగం తగ్గిందని నేను ఏడవడం లేదు. బరువైన బాణమే లోతుగా దిగుతుంది, వేటకు అదే మంచిది. నా గొడవ స్కోప్ (గురి చూసే దుర్భిణి) గురించి. దాని మీదున్న వేగం రింగును 470 దగ్గర పెట్టమని మీ మాన్యువల్ చెబుతోంది. అలా పెడితే స్కోప్‌లో 20 గజాల దూరానికి గురిపెట్టే గీత సరిగ్గానే ఉంటుంది, 40 గజాల గీత దగ్గరికి వచ్చేసరికి బాణం గురి కంటే కాస్త కిందికి తగులుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. మీ సూచన నమ్మి నేరుగా అడవికి వెళ్లే మనిషి జింకను చంపకుండా గాయపరిచే ప్రమాదం ఉంది. అలా గాయపడిన జింక రక్తం కారుతూ పొదల్లోకి పోయి, రాత్రంతా బతికుండి చావవచ్చు. ఒక అంకె తప్పుగా అచ్చు వేస్తే జరగగలిగేది ఇది.

ఇక ఎక్కుపెట్టడం. ఈ విల్లు డ్రా వెయిట్ (నారిని పూర్తిగా వెనక్కి లాగడానికి కావాల్సిన బలం) 230 పౌండ్లు. తాడు పరికరంతో లాగితే కప్పీ పద్ధతిలో బలం సగానికి తగ్గుతుంది, నిజమే. సగం అంటే 115 పౌండ్లు. కాలు స్టిరప్‌లో (విల్లు ముందున్న రింగులో) పెట్టి, వంగి, రెండు చేతులతో 115 పౌండ్లు పైకి లాగమని, భుజానికి ఆపరేషన్ అయిందని చెప్పిన మనిషికి చెప్పారు మీరు. "ఎక్కుపెట్టే పరికరం పెట్టెలోనే వస్తుందా?" అని నేను అడిగితే "వస్తుంది మేడమ్" అన్నారు. వచ్చింది తాడు. చేత్తో తిప్పే క్రాంక్ విడిగా కొనాలని విల్లు ఇంటికి వచ్చాక తెలిసింది. క్రాంక్ ఉంటే పిల్లలు కూడా ఎక్కుపెట్టగలరు. కాబట్టి నాలాంటి వాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది దాని గురించే. ఒహాయోలో జింకల వేటకు క్రాస్‌బోకు చట్టం అడిగే కనీస డ్రా వెయిట్ 75 పౌండ్లు. 150, 175 పౌండ్ల విల్లుతో 30 గజాల్లో హాయిగా పని జరుగుతుంది. మీ దగ్గరే అలాంటి మోడల్ ఉంది, ధర సగం కంటే తక్కువ. గోటితో పోయేదానికి గొడ్డలి చేతికిచ్చారు.

పెట్టెలో ఇంకొకటి కూడా లేదు. వేటలో బాణం వెయ్యకుండా తిరిగొచ్చే రోజులే ఎక్కువ. సాయంత్రం చీకటి పడుతుంటే ఎక్కుపెట్టిన విల్లు ఒళ్లో ఉంటుంది. మీ మోడల్‌కు వింటిని మెల్లగా దించే ఏర్పాటు లేదు, ఏదో ఒక బాణం వేసే దాని బిగువు వదలాలి. అందుకోసం మొద్దు ములికితో బరువైన బాణం ఒకటి ఉంటుంది, దాన్ని మెత్తటి నేలలోకో టార్గెట్‌లోకో వేస్తారు. అది మీరు ఇవ్వలేదు, అవసరమని చెప్పలేదు. కొత్తవాళ్లు చాలామంది ఈ పరిస్థితిలో బాణం లేకుండానే ట్రిగ్గర్ నొక్కాలని చూస్తారు, లేదా ఎక్కుపెట్టిన విల్లుతోనే నిచ్చెన దిగుతారు. రెండూ ప్రాణం మీదికి వచ్చేవే. బరువు విషయంలోనూ ఇలాగే చేశారు. పేజీలో 6.8 పౌండ్లు అని ఉంది. స్కోప్, అంబులపొది, బాణాలు పెడితే 9 పౌండ్లు దాటింది. వెడల్పు ఒక్కటి మాత్రం మీరు చెప్పినట్టే ఉంది, ఇరుకు స్టాండ్‌లో ఇబ్బంది పెట్టలేదు. ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

ఇప్పుడు అసలు ప్రమాదం. మీ మాన్యువల్ ఈ విల్లుకు వింటిని పట్టి ఉంచే గాడి ఉన్న క్యాప్చర్ నాక్ బాణాలే వాడాలని అంటోంది. మీ పేజీలో "కలిపి కొనండి" అని చూపించిన బాణాలకు ఉన్నది చదునైన నాక్. విల్లు పెట్టెలో వచ్చిన బాణాలతో పోలిస్తే పొడవు ఒకటే, లావు ఒకటే, రంగు కూడా ఒకటే. ప్యాకెట్ మీద నాక్ రకం రాసి లేదు. మీ మాన్యువల్‌లో నాక్‌ల బొమ్మ లేదు, పేరు మాత్రమే ఉంది. కొనేవారు మీ వెబ్‌సైట్‌ను కాకపోతే దేన్ని నమ్మాలి?

ఆ రోజు స్నేహితుల పొలంలో ఫోమ్ టార్గెట్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నాం. పెట్టెతో వచ్చిన బాణాలతో బాగానే ఉంది. విడిగా కొన్న ప్యాకెట్ విప్పి ఒకటి రైల్ (విల్లు మీద బాణం పెట్టే గాడి) మీద పెట్టి వేశాను. తుపాకీ పేలినంత చప్పుడు అయింది. వింటినారి బాణం వెనక తోయడానికి బదులు దాని మీదుగా జారిపోయింది, బాణం కొద్ది దూరంలో గడ్డిలో పడింది. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా లింబ్‌ల మీద పడి, కుడి లింబ్ చీలి, ఫైబర్ ముక్కలు ఎగిరాయి. ఒక ముక్క నా పక్కన నిలబడ్డ మా ఆయన చెంపకు తగిలి గీరుకుపోయింది. ఇద్దరికీ రక్షణ కళ్లద్దాలు ఉన్నాయి. లేకపోతే కన్ను పోయేది.

మీ వారంటీ మెయిల్‌లో ఇంకో వాదన ఉంది: ఈ మోడల్‌కు యాంటీ డ్రై ఫైర్ రక్షణ ఉంది కాబట్టి ఇలా జరిగే అవకాశం లేదని. ఈ మాట రాసినవారు ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుసుకుని రాయాల్సింది. బాణం లేనప్పుడు అది ట్రిగ్గర్‌ను ఆపుతుంది. బాణం వెనక వరకూ వచ్చి ఆనగానే తాళం తీసేస్తుంది. నా బాణం సరిగ్గా ఆనే ఉంది. నాక్ ఆకారం ఏమిటో ఆ ఏర్పాటు గుర్తించలేదు. అందుకే నాక్ విషయంలో అమ్మేవారి బాధ్యత అంత పెద్దది, ఎందుకంటే ఆ తప్పును ఆపే రెండో రక్షణ విల్లులో లేదు.

చీలిన లింబ్, రెండు రకాల నాక్‌లు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు పంపుతున్నాను. ఆర్చరీ షాపు టెక్నీషియన్ పరిశీలించి రాసిచ్చిన కాగితం కూడా ఉంది. లింబ్‌లో ముందునుంచీ పగులు లేదని, నాక్ సరిపోకపోవడం వల్లే వింటినారి జారిందని అందులో ఉంది. మీ పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా పెట్టాను. నేను ఫిర్యాదు చేసిన తర్వాత కూడా ఆ బాణాలు అదే పేజీలో అలాగే కనిపిస్తున్నాయి. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. ఒహాయోలో విల్లు వేట సెప్టెంబరు చివర్లో మొదలై ఫిబ్రవరి మొదట్లో దాకా సాగుతుంది. ఈ సీజన్‌లో ఇంకెంతమంది ఆ రెండూ కలిపి కొని ఉంటారో మీ దగ్గరే లెక్క ఉంటుంది.

చాట్‌లో మాట్లాడిన అబ్బాయిపై చర్య తీసుకోమని నేను అడగడం లేదు. అతను మర్యాదగా మాట్లాడాడు, మీరిచ్చిన స్క్రిప్టు చదివాడు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. హైదరాబాద్‌లో పెరిగిన కుర్రవాడు క్రాస్‌బో చేత్తో పట్టుకుని ఉండే అవకాశమే తక్కువ. అలాంటి పిల్లలను కూర్చోబెట్టి, విల్లు ఎలా పనిచేస్తుందో చూపించకుండా, వేగం అంకె ఒక్కటి చేతికిచ్చి ప్రాణాలు తీసే పరికరాలకు సలహాలు ఇప్పిస్తున్నది మీ కంపెనీ. బాధ్యత కూడా మీదే.

నేను కోరేది ఇది. విల్లుకు, బాణాలకు చెల్లించిన మొత్తం డబ్బు షిప్పింగ్‌తో సహా తిరిగి ఇవ్వాలి. మార్చి ఇస్తామంటే నాకు వద్దు, ఈ మోడల్ నా భుజానికి పనికిరాదు. ఆ బాణాలను ఈ విల్లు పేజీ నుంచి వెంటనే తీసెయ్యాలి. రెండూ కలిపి కొన్న ప్రతి ఒక్కరికీ మెయిల్‌తో సరిపెట్టకుండా ఫోన్ చేసి, ఆ బాణాలు వాడొద్దని చెప్పాలి. డబ్బు ఆలస్యమైనా నేను ఓర్చుకుంటాను, ఈ ఫోన్లు మాత్రం ఈ వారమే మొదలవ్వాలి. బాణాల ప్యాకెట్ మీద నాక్ రకం బొమ్మతో సహా ముద్రించాలి. విల్లు పేజీలో వేగం పక్కనే ఎన్ని గ్రెయిన్ల బాణంతో కొలిచారో, తాడుతో ఎక్కుపెట్టడానికి ఎంత బలం కావాలో, క్రాంక్ పెట్టెలో ఉందో లేదో, వింటిని దించే ఏర్పాటు ఉందో లేదో, అన్నీ బిగించాక బరువెంతో అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే ఒహాయో అటార్నీ జనరల్ వినియోగదారుల రక్షణ విభాగంలో ఫిర్యాదు చేస్తాను. లింబ్ చీలిన సంగతిని మాత్రం ఆ గడువు కోసం ఆగకుండా, వస్తువుల భద్రతను చూసే ఫెడరల్ కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్‌కు ఇవాళే తెలియజేస్తున్నాను. విరిగిన విల్లు, మిగిలిన బాణాలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. మీ ఇంజనీర్లు ఎవరైనా వచ్చి చూస్తామంటే నా సమక్షంలో చూడవచ్చు, పోస్టులో మాత్రం పంపను.

జత: బిల్లు, చాట్ రికార్డు, ఫొటోలు, వెబ్‌పేజీ స్క్రీన్‌షాట్లు, టెక్నీషియన్ నివేదిక, వారంటీ తిరస్కరణ మెయిల్, ఈ ఉత్తరం ఇంగ్లిష్ ప్రతి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
కొలంబస్, ఒహాయో