మా పెద్దతాత పేరు దొరికింది: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా తాతగారి అన్నని మేం పెద్దతాత అని చెప్పుకుంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఏ దళంలో పనిచేశారో, ఎప్పుడు చనిపోయారో, ఆయన పేరు ఎక్కడ చెక్కి ఉందో ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇది మా వల్ల మాత్రమే అయ్యే పని కాదు. మా ముఖం కూడా ఎరగనివాళ్ళు సొంత పనులు పక్కన పెట్టి వెతికి పెట్టారు. పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది గానీ పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు. అందుకే ఎవరు ఏం చేశారో రాస్తాను.

మాది విజయనగరం జిల్లాలో చిన్న ఊరు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బర్మా జపాన్ చేతికి పోవడంతో అక్కణ్ణించి వచ్చే బియ్యం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి. మా వైపు రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. రంగం వెళ్ళి నాలుగు డబ్బులు ఇంటికి పంపే దారి కూడా మూసుకుపోయింది. అలాంటి రోజుల్లో పెద్దతాత సైన్యంలో చేరారు. అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. కొన్నాళ్ళు మనియార్డర్లు వచ్చాయి, తరవాత రాలేదు. "వాడు రంగంలో ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటాడు" అని ఊళ్ళో ఎవరో అన్నారు. తర్వాత పెద్దమామ్మకి సైన్యం నుంచి పింఛను మొదలైనా ఆ మాట చావలేదు. చిన్నప్పుడు మేం కూడా విన్నాం.

పెద్దమామ్మ ఎవరితోనూ వాదించలేదు. పింఛను కాగితాన్ని మాత్రం గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఆవిడ పోయాక మా అమ్మ ఆ మూటని పారేయకుండా ఇన్నేళ్ళూ కాపాడింది. కాబట్టి మొదటి దండం అమ్మకే.

ఆ కాగితం చదివి పెట్టింది పక్క ఊరి రిటైర్డ్ హవల్దార్ గారు. మాకు అది సగం చెరిగిపోయిన అంకెల వరస. ఆయన భూతద్దం పెట్టుకుని సర్వీసు నంబరు ఏదో, పింఛను నంబరు ఏదో విడదీసి చెప్పారు. ఆ కాగితంలో ఉన్న ఐ.పి.సి. అంటే ఇండియన్ పయనీర్ కోర్ అని, అది పెద్దతాత పనిచేసిన దళం అని చెప్పింది కూడా ఆయనే. పయనీర్లు రోడ్లు వేశారు, రన్‌వేలు చదును చేశారు, ఫిరంగి గుండ్లూ తిండిగింజలూ దింపారు, మోశారు. వాళ్ళు తవ్విన రోడ్డు మీదే టాంకులు నడిచాయి. "తుపాకీ కన్నా పార ఎక్కువ పట్టినంత మాత్రాన సైనికుడు కాకుండా పోడు బాబూ" అన్నారు హవల్దార్ గారు. ఆ మాటకి ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాం.

తర్వాతి పని విశాఖలో చరిత్ర మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయిది. యుద్ధంలో చనిపోయిన వారి వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ దగ్గర ఉంటాయి. 1917లో మొదలైన సంస్థ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన భారతీయ, ఆఫ్రికన్ సైనికుల్లో చాలామందికి తగిన స్మారకం దక్కలేదని 2021లో ఆ సంస్థే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అందుకే మా పెద్దతాత పేరు అసలు ఉంటుందా అని మాకు ఒకటే టెన్షన్. జాబితాలో మనవాళ్ళకి చాలాసార్లు ఇంటిపేరు ఉండదు, ఒక్క పేరే ఉంటుంది. జిల్లా కూడా ఇప్పటిది కాదు. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, అప్పట్లో మాదంతా విశాఖపట్నం జిల్లా. ఆ అమ్మాయి పాత మ్యాపుల్లో మా ఊరి పేరుని తెల్లవాళ్ళు ఎలా రాసేవారో చూసి, ఆ స్పెల్లింగుతో వెతికింది. దొరికింది. సర్వీసు నంబరు మా కాగితంలో ఉన్నదే. తండ్రి పేరు, ఊరు, 1944లో చనిపోయిన తేదీ, ఆ పక్కన "ఫలానా ఆమె భర్త" అని మా పెద్దమామ్మ పేరు. ఇంకో పెళ్ళి మాట అక్కడితో సరి. మా నాన్న ఆ ఒక్క లైను మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. అమ్మా, నీ చదువు పదికాలాలు వెలగాలి.

పెద్దతాతకి తెలిసిన సమాధి లేదు. ఆయన పేరు బర్మాలో, యాంగోన్‌కి (అప్పటి రంగూన్‌కి) ఉత్తరాన టౌక్‌చాన్ యుద్ధ శ్మశానంలో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద ఉంది. సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడి స్తంభాల మీద చెక్కారు. అక్కడికి వెళ్ళింది తరతరాలుగా యాంగోన్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం. వాళ్ళ పూర్వీకులు కూడా మా వైపు నుంచే ఓడెక్కి వెళ్ళారట. ఆ ఇంటి పెద్దావిడ కూతుర్ని వెంటబెట్టుకుని ఎండలో స్తంభం స్తంభం వెతికి, పేరు మీద వేలు పెట్టి ఫొటో తీయించి పంపారు. పువ్వులు పెట్టి, కొబ్బరికాయ కొడదామంటే అక్కడ కుదురుతుందో లేదోనని ఇంటికి వెళ్ళి కొట్టామని చెప్పారు. "మీవాడైతే ఏంటి, మావాడైతే ఏంటి" అన్నారు ఫోన్లో. పిన్నిగారూ, ఏం ఇచ్చి మీ రుణం తీర్చుకోగలం?

మా వీధి చివరి అవ్వకి తొంభై దాటాయి. పెద్దతాతని చూసిన మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కర్తే. కాగితాల్లో లేనివి ఆవిడ చెప్పింది: మనిషి పొడగరి, చెరువు గట్టు పనికి ముందుండేవాడు, ఎండాకాలం పిల్లలకి ఈత నేర్పేవాడు, సంతకం రాదు గనక ఉత్తరాలు వేరేవాళ్ళ చేత రాయించేవాడు. అవన్నీ రికార్డు చేసుకున్నాం. నాకైతే చనిపోయిన తేదీ కన్నా ఇవే ఎక్కువ.

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలా మాది సైనికుల ఊరు కాదు. అయినా బడి ఆవరణలో పెద్దతాత పేరు, దళం, సంవత్సరం రాసిన రాయి పెట్టడానికి పంచాయతీ ఒప్పుకుంది. దాని మీద పెద్దమామ్మ పేరు కూడా ఉండాలని మా నాన్న పట్టుబట్టారు. ఉంటుంది.

మీ ఇళ్ళల్లో పాత సైనిక పింఛను కాగితాలు, మనియార్డరు రసీదులు, పతకాలు ఉంటే నంబరు కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి. చదవడం కష్టమైతే మాకు కబురు చేయండి. హవల్దార్ గారు ఎవరివైనా చూసి పెడతానన్నారు.